వారాంతపు ఆర్కెస్ట్రాలో తగాదాలు: బృందం చెదరకుండా పరిష్కరించుకునే పద్ధతి

బ్యాంకు ఉద్యోగి ఒకరు కీబోర్డు వాయిస్తారు, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడొకరు పాడతారు, సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కుర్రవాడు రిథమ్ ప్యాడ్ ముందు కూర్చుంటాడు, ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయి డ్యూయెట్లు పంచుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఎవరి మేడమీదనో రిహార్సల్, నెలకు ఒకటో రెండో ప్రోగ్రాములు. పెళ్లి రిసెప్షను, వినాయక చవితి మండపం, కాలనీ సంఘం వార్షికోత్సవం. తెలుగు పట్టణాల్లో ఇలాంటి ఔత్సాహిక ఆర్కెస్ట్రాలు పుట్టడం ఎంత సులభమో చెదరడమూ అంతే సులభం. ఇరవై ఏళ్లుగా ఇలాంటి రెండు బృందాల్లో కీబోర్డు వాయిస్తూ, మరికొన్నింటిని దగ్గరి నుంచి చూస్తూ వచ్చిన నాకు, సంగీతం కుదరక విడిపోయిన బృందం ఒక్కటి కూడా గుర్తు రావడం లేదు. డబ్బు గురించో, మైకు గురించో, ఎన్నికల గురించో విడిపోయినవే అన్నీ.

వృత్తి కళాకారుల తగాదాలకూ మన తగాదాలకూ ఒక తేడా ఉంది. సినిమా పాటకు వయొలిన్ వాయించే కళాకారుడికి పక్క కుర్చీలోని మనిషి నచ్చకపోయినా ఆ రోజు పారితోషికం కోసం వాయిస్తాడు. మన దగ్గర జీతం లేదు కాబట్టి మనసు నొచ్చుకున్న మనిషిని కూర్చోబెట్టగలిగే బలం మరొకటి లేదు, మరుసటి ఆదివారం రాకుండా ఉంటే చాలు, ఆర్కెస్ట్రాలో ఒక వాద్యం మూగబోతుంది. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి వంటి సంస్థల్లో రాజకీయ విశ్వాసమే పునాది, పాట దాని మీద లేచిన గోడ. విశ్వాసం పంచుకోనివాడు అందులో చేరడు. మన బృందాలకు పాటే పునాది కాబట్టి, నాలుగు పార్టీలకు ఓటేసేవాళ్లు ఒకే వేదిక మీద ఉండడం తప్పనిసరి. ఈ మార్గదర్శి అటువంటి బృందాల కోసమే.

మొదటి మెట్టు: తగాదా అసలు దేని గురించో తేల్చుకోవడం

బృందంలో వచ్చే తగాదాలు నాలుగు రకాలు: వినికిడికి సంబంధించినవి, గౌరవానికి సంబంధించినవి, డబ్బుకు సంబంధించినవి, అభిప్రాయాలకు సంబంధించినవి. చిక్కేమిటంటే ఒక రకం తగాదా ఎప్పుడూ మరో రకం వేషంలో వస్తుంది. మా బృందంలో ఒకసారి డోలక్ వాయించే ఆయన, నేను బలపరిచే పార్టీని పేరు పెట్టి తిట్టి, రిహార్సల్ మధ్యలో లేచి వెళ్లిపోయారు. రెండు వారాలపాటు అందరం దాన్ని రాజకీయ విభేదం అనే అనుకున్నాం. తీరా కూర్చుని మాట్లాడితే తేలిన విషయం వేరు. అంతకు ముందు మూడు ప్రోగ్రాముల్లో నేను కీబోర్డులోని రిథమ్ లూప్ (ముందే నింపి ఉంచిన, తనంతట తాను తిరిగి తిరిగి మోగే తాళం) నడిపించడం వల్ల ఆయన డోలక్ జనానికి వినిపించలేదు, వాయించేవారి వైపు తిప్పి పెట్టే స్పీకరు, అంటే మానిటర్‌లో ఆయనకే వినిపించలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. కోపం మాత్రం దొరికిన దారిలో బయటికి వచ్చింది.

కాబట్టి ఎవరైనా కోపంగా ఉన్నారని తెలియగానే వాదనలోకి దిగకుండా రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది, ఇది నీకు మొట్టమొదట ఎప్పుడు అనిపించింది? రెండోది, ఆ రోజు సరిగ్గా ఏం జరిగింది? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు అసలు తేదీని చూపిస్తుంది, ఆ తేదీన ఏ ప్రోగ్రాం ఉందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబును విశేషణాలు లేకుండా చెప్పించాలి. ‘నన్ను చిన్నచూపు చూశారు’ అన్నది విశేషణంతో కూడిన మాట. ‘పది పాటల్లో నాకు ఒక్కటే ఇచ్చారు, అదీ చివర పెట్టారు’ అన్నది జరిగిన విషయం. మొదటిదానికి క్షమాపణ తప్ప మందు లేదు, రెండోదానికి పాటల జాబితా మార్చితే సరిపోతుంది.

చివర పెట్టిన పాట గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది బయటివాళ్లకు తెలియని తగాదా. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాల కోసం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, కానీ మన కాలనీ వార్షికోత్సవం ఆ రోజుల్లో పడకపోవచ్చు. సన్మానాలు, ఉపన్యాసాలు సాగి సాగి ప్రోగ్రాం 8 గంటలకు గాని మొదలు కాదు, 10 కాగానే పోలీసులో, పక్కింటివాళ్లో ఆపేయమంటారు. అప్పుడు ఎగిరిపోయేవి జాబితాలోని చివరి నాలుగు పాటలు. ఆ నాలుగు పాటలు ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లవే. మూడుసార్లు ముస్తాబై వచ్చి పాడకుండా ఇంటికి వెళ్లిన అమ్మాయి నాలుగోసారి ఎందుకు రావాలి? కొత్తవాళ్ల పాటలు మొదటి ఆరింటిలో ఉండాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఈ తగాదా పుట్టనే పుట్టదు.

రెండో మెట్టు: మనసులు బాగున్నప్పుడే ఒప్పందం రాసుకోవడం

‘మనలో మనకు కాగితాలేమిటి’ అనే మాట ప్రతి బృందంలోనూ వినిపిస్తుంది. మంచి మాటే, కానీ తగాదా వచ్చిన రోజున అదే మాట అన్నవాడే ‘అప్పుడు నువ్వు ఇలా అన్నావు’ అని మొదలుపెడతాడు. ఒక్క పేజీ చాలు, తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసుకోవాలి. రిహార్సల్‌కు ఎన్నిసార్లు రాకపోతే ఆ ప్రోగ్రాంలో పాట ఉండదు, పాటలు ఎవరు ఎంపిక చేస్తారు, మైకుల ధ్వనులన్నీ కలిపి సర్దే మిక్సరు, స్పీకర్లు ఎవరి డబ్బుతో కొన్నవి, ప్రోగ్రాం ఒప్పుకునే అధికారం ఎవరిది, బృందం పేరు ఎవరిది, వెళ్లిపోయేవారు ఎన్నాళ్ల ముందు చెప్పాలి అనే విషయాలు అందులో ఉండాలి.

అన్నింటికన్నా ముఖ్యంగా, ఏ నిర్ణయాలు మెజారిటీతో జరుగుతాయో, ఏవి అందరూ ఒప్పుకుంటేనే జరుగుతాయో వేరువేరుగా రాయాలి. రిహార్సల్ సమయం, బట్టల రంగు, పాటల వరుస వంటివి మెజారిటీతో తేల్చుకోవచ్చు. ఆరుగురున్న బృందంలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు అయితే ఎవరి మాట నెగ్గాలో కూడా ముందే అనుకోవాలి. మా దగ్గర ఆ ప్రోగ్రాం తెచ్చినవారి మాట నెగ్గుతుంది, ఎందుకంటే నిర్వాహకులకు జవాబు చెప్పుకోవలసినది వారే. బృందం పేరుకు సంబంధించినవి, ఒక సభ్యుడి ఉద్యోగానికి గాని విశ్వాసానికి గాని తగిలేవి మాత్రం అందరి సమ్మతితోనే జరగాలి. ఈ విభజన లేని బృందంలో మెజారిటీ అనే మాట కొందరికి అధికారం అవుతుంది, మిగిలినవారికి ప్రతిసారీ ఓటమి అవుతుంది.

శ్రుతి (పాటకు ఆధారమైన స్వరపు ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది, దీన్నే స్కేల్ అంటాం) విషయం కూడా ఒప్పందంలో చేర్చమని నా సలహా. మగవాళ్లు సాధారణంగా 1 నుంచి 2 శ్రుతి మధ్య, ఆడవాళ్లు 5 శ్రుతికి అటూ ఇటూ హాయిగా పాడతారు. డ్యూయెట్‌లో ఇద్దరికీ స్కేల్ ఒకటే కాబట్టి ఎవరో ఒకరు తగ్గాలి లేదా పైకి లాగాలి. ఎప్పుడూ ఒకరే సర్దుకుంటూ వస్తే, ఆ మనిషి గొంతు బాగాలేదన్న పేరు కూడా ఆ మనిషికే వస్తుంది. మా బృందంలో ఒక డ్యూయెట్ ఆమెకు అనుకూలమైన స్కేల్‌లో పెడితే మరో డ్యూయెట్ ఆయనకు అనుకూలమైన స్కేల్‌లో పెడతాం. స్కేల్ మారిస్తే వాయించడం కష్టమని ఎవరైనా అంటే, గిటారు వాయించేవారి మాట నమ్మండి, కీబోర్డు వాయించేవారి మాట నమ్మకండి. మాకు ఒక్క నొక్కుతో స్కేల్ మార్చేసే ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది.

మూడో మెట్టు: సభ్యుడి అభిప్రాయాన్నీ బృందం పేరునూ వేరు చేయడం

రాజకీయ విభేదాల విషయంలో ఈ మార్గదర్శి మొత్తానికి ఆధారమైన మాట ఇదే. సభ్యుడు ఏ పార్టీకి ఓటేస్తాడు, తన సొంత ఫేస్‌బుక్ పేజీలో ఏం రాస్తాడు, ఏ ఊరేగింపులో నడుస్తాడు అన్నవి బృందానికి సంబంధం లేని విషయాలు. వాటి గురించి సంజాయిషీ అడిగే హక్కు ఎవరికీ లేదు, ‘మన మంచికే చెబుతున్నా’ అనే పెద్దమనిషికి కూడా లేదు. కానీ బృందం ఫ్లెక్సీ ముందు దిగిన ఫొటోను ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకు వాడితే, బృందం పేరుతో ఉన్న యూట్యూబ్ ఛానల్‌లో ఒక పార్టీ పాట పెడితే, వేదిక మీద కండువా వేసుకుంటే, అది మిగిలిన అయిదుగురి నోటితో మాట్లాడినట్టే. మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రెండోదానికి అందరి అనుమతీ కావాలి.

అందరి అనుమతి ఎందుకంటే, ఒకే పాట అందరి మీదా ఒకేలా పడదు. విద్యార్థికి ప్రచార సభలో పాడడం ఒక సాయంత్రపు సరదా. ప్రభుత్వ ఉపాధ్యాయుడికి అది సంజాయిషీ నోటీసు. 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రకారం రాష్ట్ర ప్రభుత్వోద్యోగి రాజకీయ పార్టీలో సభ్యుడు కాకూడదు, ఎన్నికల ప్రచారంలో పాల్గొనకూడదు. తాను తబలా మాత్రమే వాయించానని, పాట పాడింది వేరొకరని ఆయన చెప్పుకోవచ్చు గాని, వీడియోలో ఆయన ముఖం వెనక పార్టీ జెండా ఉంటే ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుంది? వీధి చివర దుకాణం నడిపేవారి ఇబ్బంది మరో రకం, రేపు ఆ దుకాణానికి అన్ని పార్టీలవాళ్లూ రావాలి. నష్టం ఎవరికి వస్తుందో వారు కాదన్నప్పుడు, నష్టం లేని నలుగురు ఓటేసి అవునని తేల్చడం న్యాయం కాదు.

ఎన్నికల సమయంలో వచ్చే ఆహ్వానాల గురించి ముందుగానే ఒక నిర్ణయం ఉండాలి, ఎందుకంటే అప్పుడు ఇచ్చే డబ్బు మామూలు ప్రోగ్రాంకన్నా బాగా ఎక్కువ, ఆలోచించుకోవడానికి దొరికే సమయం బాగా తక్కువ. చట్టం తెలిసి ఉండడం కూడా మంచిది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షను, పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో జనాన్ని ఆకర్షించే సంగీత కచేరీల ద్వారా గాని, నాటక ప్రదర్శనల ద్వారా గాని ఎన్నికల ప్రచారం చేయడాన్ని నిషేధిస్తుంది. చట్టం సంగీత కచేరీని పేరు పెట్టి మరీ చెప్పింది. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న జరిగినట్టు శాసనసభకూ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగు ఉన్నప్పుడు, ఆ చివరి రెండు రోజుల్లో ‘ఇది ప్రచారం కాదు, మా నాయకుడి ఇంట్లో ఫంక్షను’ అంటూ వచ్చే ఫోన్లకు బృందం తరఫున ఎవరూ ఒంటరిగా సరే అనకూడదు.

నా తీర్పు అడిగితే, బృందం పేరుతో ఏ పార్టీ ప్రచారానికీ వెళ్లకపోవడమే మేలు. వెళ్లదలచిన సభ్యుడు సొంతంగా, సొంత పేరుతో వెళ్లవచ్చు, బృందం స్పీకర్లు కావాలంటే బయటివారికి ఇచ్చే అద్దెకే తీసుకోవాలి, బృందం టీషర్టు మాత్రం ఇంట్లో ఉంచాలి. ఈ ఏర్పాటు వల్ల కొంత ఆదాయం పోతుంది. మాకూ పోయింది. ‘అన్ని పార్టీలకూ సమానంగా వాయిద్దాం’ అనే మధ్యేమార్గం ఆకర్షణీయంగా కనిపిస్తుంది గాని, ఆచరణలో మొదట ఎవరి సభలో వాయించారో ఆ రంగే బృందానికి అంటుకుంటుంది.

పార్టీ పేరు లేకుండా వచ్చే రాజకీయం

మన ప్రాంతంలో రాజకీయం జెండాతో మాత్రమే రాదు. కార్తీక మాసంలో కులసంఘాల వనభోజనాలకు ఆర్కెస్ట్రాలను పిలవడం మామూలు. ఉసిరిచెట్టు కింద పాటలు పాడి రావడమే కదా అనిపిస్తుంది, కానీ అక్కడి యాంకరింగ్‌లో ‘మన జాతి ముద్దుబిడ్డలు’ వంటి మాటలు వస్తాయి, బృందంలోని ఒక సభ్యుడు ఆ జాతి కాదన్న విషయం అప్పుడే అందరికీ స్పృహలోకి వస్తుంది. అలాంటి ప్రోగ్రాంకు ఒప్పుకునే ముందు ప్రతి సభ్యుణ్ణీ విడివిడిగా అడగాలి. అందరి ముందు అడిగితే కాదనలేడు. యాంకరింగ్ నిర్వాహకుల మనిషే చేసుకోవాలని, బృందంలోనివారు పాటల పేర్లు మాత్రమే చెబుతారని షరతు పెట్టాలి.

మతం విషయంలో నియమం ఇంకా సులభం. క్రైస్తవ సభ్యుడు అయ్యప్ప భజన పాడననవచ్చు, హిందూ సభ్యుడు క్రిస్మస్ గీతం పాడననవచ్చు, పాడతాననీ అనవచ్చు. పాడను అన్నవారిని కారణం అడగకూడదు, పాడతాను అన్నవారి భక్తిని పరీక్షించకూడదు. ఒక్కొక్కరికి ఏడాదికి ఇన్ని అని లెక్క లేకుండా, ఏ పాటనైనా వద్దనే స్వేచ్ఛ ఉండాలి. ఆ పాట వేరొకరు పాడతారు, వద్దన్నవారు ఆ అయిదు నిమిషాలు వేదిక దిగి టీ తాగుతారు, అంతే. దీన్ని చర్చించదగిన విషయంగా మార్చడమే పొరపాటు.

హైదరాబాదులోని బృందాలకు ప్రాంతం మరో ముడి. 2009 డిసెంబరు నుంచి 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేవరకు ఒకే వేదిక మీద రెండు వైపులవారూ నిలబడిన బృందాలు ఎంత జాగ్రత్తగా మాట్లాడుకోవలసి వచ్చిందో ఆ వయసువారికి తెలుసు. పదేళ్ల తరువాత కూడా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. 2024లో అందెశ్రీ రాసిన రాష్ట్ర గీతానికి కీరవాణి సంగీతం సమకూర్చడం మీద తెలంగాణ సంగీత కళాకారులు కొందరు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం సరైనదా కాదా అన్నది మన రిహార్సల్‌లో తేలే విషయం కాదు. మన రిహార్సల్‌లో తేలవలసినవి రెండే. జూన్ 2 ప్రోగ్రాంలో గాని, నవంబరు 1 ప్రోగ్రాంలో గాని ఏ గీతాలు పాడాలో నిర్వాహకుల నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒకరి యాసను వేదిక మీద గాని కింద గాని హాస్యానికి వాడకూడదు. యాస మీద జోకు వేసినవాడు మరచిపోతాడు, విన్నవాడు అయిదేళ్లు గుర్తుంచుకుంటాడు.

మండపాల దగ్గర జనం మధ్య నుంచి చీటీలు వస్తాయి. ఫలానా నాయకుడి పాట పాడాలని, లేదా ఆయన పేరుతో జై కొట్టాలని ఉంటుంది. ఆ క్షణాన గాయకుడు ఒంటరివాడు కాకూడదు. చీటీలన్నీ కీబోర్డు పక్కన ఒకరే తీసుకోవాలి, ‘అయ్యా, కమిటీవారు ఇచ్చిన లిస్టు దాటకూడదని మాట’ అనే ఒక్క జవాబే అందరూ చెప్పాలి. కమిటీ మీదికి నెట్టేయడం పిరికితనంలా కనిపించవచ్చు, కాని రాత్రి 9:30కి మండపం ముందు ధైర్యం ప్రదర్శించవలసిన అవసరం వారాంతపు గాయకుడికి లేదు.

నాలుగో మెట్టు: ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం

తగాదా వచ్చాక అది వారం దాటకుండా మాట్లాడుకోవాలి, కానీ అదే రాత్రి మాట్లాడకూడదు. ప్రోగ్రాం అయ్యాక సామాను వ్యానులో ఎక్కించేటప్పుడు అందరికీ ఆకలి, నిద్ర, చెవుల్లో హోరు. ఆ గంటలో అన్న మాటలే బృందాలను ముంచుతాయి. మరునాడు ఇద్దరిలో ఒకరు ఫోను చేసి, ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రమే అనుకోవాలి. మొదటి సమావేశం ఆ ఇద్దరి మధ్యే జరగాలి. ఇంట్లోవాళ్ల ద్వారా కబుర్లు పంపడం, ‘మా ఆవిడ కూడా అదే అంది’ అనడం విషయాన్ని పెంచుతాయి.

వాద్యాలు లేని చోట కూర్చోవాలి. రిహార్సల్ గదిలో మాట్లాడితే ఎవరో ఒకరు మధ్యలో తీగ మీటుతారు, డోలక్ మీద వేలు వేస్తారు, అవతలివారికి అది నిర్లక్ష్యంగా అనిపిస్తుంది. హోటల్లో కాఫీ ముందు నలభై నిమిషాలు చాలు. బాధపడినవారు ముందు మాట్లాడాలి, రెండోవారు జవాబు చెప్పేముందు విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పి, అవునా అని అడగాలి. ఉదాహరణకు, ‘అన్నా, మొన్న రెండో చరణం నేను ఎత్తుకునేలోపే నువ్వు ఎత్తుకున్నావు, జనం ముందు నాకు తల తీసేసినట్టయింది’ అని చిన్నవాడు అంటే, ‘నువ్వు మరిచిపోయావనుకున్నాను’ అని వెంటనే సమర్థించుకోవడం కాకుండా, ‘నేను ఆగి ఉంటే నువ్వు ఎత్తుకునేవాడివే, నీ చరణం నేను లాక్కున్నట్టయింది, అంతేనా తమ్ముడూ?’ అనగలిగితే మిగతా ముప్పయి అయిదు నిమిషాలు తేలికగా గడుస్తాయి.

మన భాషలో ఒక ఉపయోగకరమైన సూచిక ఉంది. ఇన్నాళ్లూ ‘బావా’ అని పిలిచినవాడు హఠాత్తుగా ‘మీరు’, ‘గారు’ అంటున్నాడంటే కోపం ముదిరిందని అర్థం. ‘మాస్టారూ’ అనే చోట పేరు పెట్టి పిలిచారంటే అది మరీ ముదిరింది. ఆ మార్పు విన్నవెంటనే వాదన ఆపి, మరో రోజుకు వాయిదా వేయడం మంచిది.

ఇద్దరి మధ్య తేలకపోతే మూడో మనిషి కావాలి. సాధారణంగా బృందంలో అందరికన్నా పెద్దవారిని కూర్చోబెడతారు. ఆయనే మిక్సరు యజమాని అయితే గాని, ఆయన మేడమీదే రిహార్సల్ జరుగుతుంటే గాని, ఆయన మాటకు ఎదురు చెప్పే స్వేచ్ఛ ఎవరికీ ఉండదు, పైకి రాజీ కుదిరినట్టు కనిపించి రెండు నెలలకు మళ్లీ మొదలవుతుంది. ఇద్దరూ గౌరవించే, బృందంలో వాటా లేని మనిషి దొరికితే అదే మేలు. మా బృందానికి చాలాసార్లు సౌండ్ సిస్టం అద్దెకిచ్చే ఆయనే మధ్యవర్తి అయ్యారు. ఎవరి మైకులో ఏం వినిపించిందో ఆయనకన్నా ఎవరికి తెలుస్తుంది?

అభిప్రాయ భేదం నిజంగా రాజకీయమైనదే అయితే, ఈ సమావేశపు లక్ష్యం ఎవరి మనసూ మార్చడం కాదు. రిజర్వేషన్ల మీదో, రాజధాని మీదో, ఉద్యమం మీదో ఇద్దరి మాటా విన్నాక, ‘ఈ విషయం మన మధ్య తెగదు, రిహార్సల్ గుమ్మం దాటి లోపలికి తేవద్దు’ అని ఒప్పుకుని లేవడం కూడా పూర్తి పరిష్కారమే.

అయిదో మెట్టు: వాట్సాప్ గ్రూపు

బృందానికి రెండు గ్రూపులు ఉండాలి. ఒకదానిలో తేదీలు, పాటల జాబితా, స్కేలు, ట్రాకులు మాత్రమే. రెండోదానిలో కబుర్లు, పుట్టినరోజులు, ఏమైనా. రెండో దానిలో చేరడం ఎవరి ఇష్టం వారిది. మొదటి గ్రూపులో ఫార్వర్డు మెసేజీ వస్తే అడ్మిన్ వ్యాఖ్య లేకుండా తీసేయాలి, ఏ పార్టీదైనా సరే, దేవుడి బొమ్మ అయినా సరే. రాత్రి పదకొండు గంటలకు ఎవరైనా గ్రూపు నుంచి వెళ్లిపోతే, దాన్ని బృందం నుంచి వెళ్లిపోవడంగా రెండు రోజులపాటు ఎవరూ లెక్కించకూడదు. నేనే అలా రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ ఏమీ ఎరగనట్టు తిరిగి చేరాను.

ఆరో మెట్టు: డబ్బు, సొంత పాటలు

డబ్బు లెక్క ప్రోగ్రాం ముగిసిన రాత్రి కాకపోయినా మరునాడు సాయంత్రంలోగా అందరి ముందుకూ రావాలి. ముప్పయి వేల రూపాయల ప్రోగ్రాం అనుకుందాం. అందులో సౌండుకు, వ్యానుకు, భోజనాలకు ఎంత, బృందం నిధికి ఎంత, మిగిలినది తలా ఎంత అని ఒక్క కాగితం మీద రాసి ఫొటో తీసి పంపితే చాలు. అడ్వాన్సు తీసుకున్న రోజే ఆ సంగతి అందరికీ చెప్పాలి. గాయకులకు ఎక్కువా, వాద్యకారులకు తక్కువా అన్న వాదనకు నాకు తెలిసిన నిలకడైన జవాబు సమాన వాటా ఒక్కటే, సొంత పరికరం తెచ్చేవారికి దాని రవాణా ఖర్చు అదనంగా.

సొంతంగా పాట కట్టే బృందాలు మరింత జాగ్రత్తపడాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం వేరు, బాణీ వేరు, రికార్డింగు వేరు. సాహిత్యం రాసినవారిది, బాణీ కట్టినవారిది, రికార్డింగు దాన్ని ఖర్చు పెట్టి తయారు చేయించినవారిది. సాహిత్యం మీద, బాణీ మీద హక్కు కర్త జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. నలుగురూ కూర్చుని కట్టిన బాణీ నలుగురిదీ అనుకుంటే ఆ మాట పాట పూర్తయిన రోజే రాసుకుని సంతకాలు పెట్టాలి. యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డు ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ అన్నదమ్ములు కాకూడదు.

ఏడో మెట్టు: కుదరనప్పుడు విడిపోవడం

ముందు ఒక హెచ్చరిక. మహిళా సభ్యురాలిని వేదిక మీద గాని, ప్రయాణంలో గాని, అర్ధరాత్రి మెసేజీలతో గాని ఇబ్బంది పెట్టడం, కులం పేరుతో తిట్టడం, చేయి చేసుకోవడం తగాదాలు కావు. వీటికి మధ్యవర్తిత్వం, కాఫీ, రాజీ వర్తించవు. అటువంటి పని చేసినవాడు ఆ రోజు నుంచే బృందంలో ఉండకూడదు, బాధితులు పోలీసుల దగ్గరికి వెళ్తానంటే వారి వెంట వెళ్లాలి. ‘మంచి వాయిద్యగాడు, ఇంకొకరు దొరకరు’ అని సర్దిచెప్పిన బృందాలను చూశాను, అక్కడ ఏడాది తిరిగేసరికి పాడే అమ్మాయి ఒక్కరు కూడా మిగల్లేదు.

మిగిలిన సందర్భాల్లో, ఒక సభ్యుణ్ణి అతని అభిప్రాయం కోసం తీసేయకూడదు, ఒప్పందం మీరినందుకు తీసేయవచ్చు. ఒక పార్టీని పొగిడినందుకు కాదు, బృందం పేరుతో పొగడవద్దని చెప్పినా మూడోసారి పొగిడినందుకు. ఈ తేడాను ఆ మనిషికి ముఖాముఖి చెప్పాలి, మెసేజీలో కాదు. తనంతట తాను వెళ్లేవారి విషయంలోనూ పద్ధతి ఒకటే. ఒప్పుకున్న ప్రోగ్రాములు పూర్తి చేయాలి లేదా తమ బదులు మనిషిని చూపించాలి, నిధిలో తమ వాటా లెక్క చూసుకోవాలి, పాత వీడియోల్లో తాము ఉన్నవి ఉంచాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. బృందం పేరు ఉండిపోయినవారిదే. నిర్వాహకులు అడిగితే ‘పని ఒత్తిడి వల్ల ఆయన రావడం లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు, రెండో వాక్యం ఎవరూ చెప్పకూడదు.

మా డోలక్ ఆయన విషయం మొదట్లో చెప్పాను. రిథమ్ లూప్ ఆపేశాక ఆయన మరో మూడేళ్లు వాయించారు, ఆ తరువాత బదిలీ మీద కర్నూలు వెళ్లారు. వెళ్లేముందు చివరి ప్రోగ్రాం డబ్బు ఆయన చేతికిచ్చి, డోలక్ ఆటో ఎక్కించడానికి నలుగురం కిందికి దిగాం. ఆటో కదిలేముందు ఆయన మళ్లీ మా పార్టీని తిట్టారు, నేను ఆయన పార్టీని తిట్టాను.